ఎనిమిదికి ముందు

చిట్యాల రోడ్డు మలుపులో గోదాం కడితే బండ్ల రద్దీ ఎంత పెరుగుతుందో తేల్చడానికి వారం రోజుల లెక్క పెట్టారు. ఆ లెక్క రాసేది పక్క తండాకు చెందిన భాగ్య. మెడలో దారానికి కట్టిన పెన్ను, ఒళ్లో అట్ట. బండికో గీత: నాలుగు నిలువుగా, ఐదోది అడ్డంగా. చాయ్ తాగేటప్పుడు కూడా చూపు రోడ్డు మీదే. లెక్క ఎనిమిది నుంచి నాలుగు దాకానే అయినా, ఆమె ఆరింటికే వచ్చి కుర్చీ వేసుకుంటుంది. తండా ఆడవాళ్లు మిరపకాయలు ఏరడానికి రోడ్డు దాటే వేళ అది. మనిషికో గీత చొప్పున వాళ్లనీ కాగితం వెనకవైపు రాసుకుంటుంది.

మూడో రోజు కాగితాల కోసం వచ్చిన ఇంజనీరు గౌతమ్ ఆ గీతలు చూశాడు.

“ఇంతమంది ఎవరమ్మా?”

“మా తండోళ్లు సారూ. పొద్దుగాల ఆరింటికి దాటుతరు. మా అవ్వ గూడ అండ్లనే ఉన్నది.”

“ఎనిమిదికి ముందుది లెక్కలోకి రాదు. కొట్టెయ్.”

భాగ్య పెన్ను గీతల మీద ఆనించి ఆగింది.

“గోదాం లారీలు గూడ ఎనిమిది దాకా ఆగుతయా సారూ?”

 గౌతమ్ కాగితం అలాగే తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆరింటికి ఆ మలుపులో రెండు కుర్చీలు ఉన్నాయి.