ఫైట్ అయ్యేదాకా

ఫైట్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. హీరో చెయ్యి విసిరితే పదిమంది గాల్లోకి లేస్తారు. ఆ కాసేపు నేను లేచి కుక్కర్ చూసుకునేదాన్ని. అలాంటి నాకే ఫైట్లు చెప్పే పని పడింది.

పురుటికి సిరిసిల్ల నుంచి కోరుట్లలోని తల్లిగారింటికి వచ్చాను. అక్కడ అరుగు మీద అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. పక్కన ఫోన్‌లో సినిమా నడుస్తుంటుంది. కళ్ళు ఆకు మీదే ఉన్నా మాటలు విని కథ పట్టేస్తారు. ఫైట్ వస్తేనే చిక్కు, దాన్ని చూడాల్సిందే. తంబాకు ముట్టనివ్వని బాలింతను, ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని గడప దగ్గర కూర్చుని, ఎవరు ఎవర్ని ఎట్లా కొట్టారో చెప్పేదాన్ని.

ఒకరోజు ఎదురింటి చిన్నమ్మ చెంప వాచి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మొగుడు, మా చిన్నాయన చేతి సంగతి వాడకట్టంతటికీ తెలుసు. ఆయన బయటినుంచి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, ఆమె చాట అక్కడే వదిలి పరుగెత్తేది. ఆ పూట సినిమాలో ఫైట్ రాగానే నేను పసిదాని గుడ్డలు సర్దుతూ కూర్చున్నాను.

"చెప్తలేవేంది బిడ్డా?" అంది చిన్నమ్మ.

"ఏం లేదు చిన్నమ్మా, ఊకె కొట్టుకుంటున్నరు. అంత ఉత్తదే."

"ఉత్తదే గావాలె. నిజంది నాకు ఎర్కే గదా."

నాకు సిగ్గేసింది. పెళ్ళాన్ని జుట్టు పట్టి ఈడ్చిన రౌడీని హీరో బజార్లోకి లాగాడని మొదలుపెట్టాను.

"ఏడ కొట్టిండు?"

"చెంప మీద."

"మల్ల?"

"మల్ల చెంప మీదనే."

తెర మీద లేని దెబ్బలు కూడా వేశాను. చిన్నమ్మ వేళ్ళు ఆకు చుట్టే జోరు చూసి అమ్మ తన పని ఆపేసింది. ఆ వాచిన చెంపతోనే చిన్నమ్మ నవ్వుతోంది. ఉత్త అబద్ధానికి ఇంత బలం ఉంటుందా అనుకున్నాను. ఇన్నాళ్ళూ కుక్కర్ కోసం లేచి వెళ్ళిన నా తెలివికి నవ్వొచ్చింది.

అప్పుడే బయటినుంచి చిన్నాయన పిలిచాడు. అందరం ఆమె వైపు చూశాం. నేను ఫోన్ ఆపబోయాను.

"ఆపకు," అంది నాతో. తల ఎత్తకుండానే బయటికి వినపడేలా గొంతు పెంచింది. "జర ఆగు. ఫైట్ అయినంక అస్త."

ఆయన గోడ పక్కనే నిలబడ్డాడు. ఆ ఫైట్‌ను ఎంత సాగదీశానో నాకే తెలుసు. చివరి దెబ్బ దాకా ఆయన విన్నాడు.