తలుపులు మోసుకుపోయిన నాడు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే గడప మీద కూర్చున్నా ఏం కాదు. నేను చెప్పబోయేది ఈ గడప సంగతే.

మాది బోధన్ అవతల, మంజీర ఒడ్డున ఉన్న ఊరు. మట్టి గోడల ఇల్లు. ముందు రెండు రెక్కల టేకు తలుపు, వెనక దొడ్డివైపు ఒంటి రెక్క. పైకెత్తి లాగితే ఊడి వచ్చే పాతకాలం తలుపులు. మా అత్త కాపురానికి వచ్చేనాటికే ఉన్నాయట.

ఈ సంగతి జరగకముందు ఒకసారి ఏరు ఇంట్లోకి వచ్చింది. అప్పుడు తాళం వేసుకుని పోయాం. తిరిగొచ్చి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది, వెనక గోడ మాత్రం లేదు. మా అత్త అప్పటికి బతికే ఉంది. ఆ మట్టికుప్ప ముందు కూర్చుని, తన చిన్నతనంలో ఏరు వస్తుందంటే తలుపులు ఊడదీసి మెరకకు మోసుకుపోయేవాళ్లని చెప్పింది. ముందు నుంచి వచ్చిన నీళ్లు వెనక నుంచి పోతే గోడల మీద బరువు పడదని ఆమె మాట. అందరూ విన్నారు. నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆ గోడను మా ఆయన నడుము విరిగేటట్టు కష్టపడి మళ్లీ కట్టాడు. కట్టడం అయిపోయిన రోజు చేతుల మట్టి కడుక్కుంటూ ఒక మాట అన్నాడు.

"ఇంకోపారి పడితే నేను కట్ట. నిజామాబాద్ పోయి కిరాయి రూంల ఉందాం."

"పడకుంటే?" అన్నాను.

"పడకుంటే నువ్వు జెప్పిందే."

ఆయనది కోపం కాదు, అలసట. కానీ నాకు ఆ కిరాయి రూం వద్దు. ఇంకొకరి మెట్ల కింద చెప్పులు విడిచి, ఇంకొకరి నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడే బతుకు నాకు వద్దు.

తర్వాత వినాయక చవితి రోజుల్లో వాన పట్టింది. పగలూ రాత్రీ తేడా లేదు. పైన నిజాంసాగర్ గేట్లు ఎత్తారని, వెంటనే ఊరు ఖాళీ చేయాలని మైకులో చెప్పారు. అన్నం పొయ్యి మీదే ఉంది. దాన్ని వార్చి, గిన్నెతో సహా మూటకట్టాను. ఆధార్ కార్డులూ పాస్ బుక్కూ స్టీలు డబ్బాలో పెట్టాను. బియ్యం అటకెక్కించాను. మేకల తాళ్లు విప్పి మెరకవైపు తోలాను. కోళ్లను గంపలో మూసి వెంట తీసుకున్నాను. తొక్కు జాడీని ఒడిలో పెట్టుకుందామనుకున్నాను. మా ఆయన మటుకు టీవీని పసిపిల్లలా దుప్పట్లో చుట్టి ట్రాక్టరు దగ్గరికి మోశాడు.

ట్రాక్టరు మా మరిదిది. ట్రాలీ ఎక్కి కూర్చున్నాక చూస్తే, మా ఆయన తలుపుకు తాళం వేసి, గుంజి చూసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటున్నాడు. నేను దిగాను.

"ఏం మర్సినవే?" అన్నాడు.

"ఏం మర్వలే. తలుపులు ఊడదీసి ట్రాలీల ఏస్కపోవాలె."

మా మరిది స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. "వదినే, అందరు బంగారం మోస్తున్నరు, నువ్వు తలుపులు మోస్తవా? దొంగలకు దావత్ ఇస్తున్నవా ఏంది?"

"దొంగలకు దొరికేదేముంది ఇంట్ల? మీ అన్న టీవీ గూడ ట్రాలీలనే ఉన్నది."

నలుగురూ నవ్వుతారని మా ఆయన గొణిగాడు. నవ్వనిమ్మన్నాను. పద పదమన్నాడు. నేను పోయి గడప మీద కూర్చున్నాను. వాన నెత్తి మీద పడుతూనే ఉంది.

"గోడ పడితే నన్ను నిజామాబాద్ తోల్కపోతనన్నవు గద. పడకుంట నా చేతనైంది నేను జేస్త. తాళంచెయ్యి ఇయ్యి, లేకుంటే మీరు పోన్రి."

ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. తలుపులకు చోటు కావాలంటే ఏదో ఒకటి దిగాలి. టీవీ అటకెక్కింది. అప్పటి మా ఆయన ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మెరక మీదున్న బడికి చేరేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. తలుపులు దించుతుంటే జనం పక్కకు తిరిగి నవ్వారు. పొద్దుగూకేసరికి నేలంతా చెమ్మ ఊరింది. మోకాళ్లు పట్టేసిన ఒక ముసలవ్వ ఆ తడి నేల మీద కూర్చోలేక, నిలబడలేక అవస్థ పడుతుంటే, ఇటుకల మీద ఒక రెక్క పరిచి పడుకోబెట్టాను. అవ్వ ఒళ్లు చాపుకుని, "నా పెండ్లిల గూడ మావోళ్లు గింత మంచి మంచం పెట్టలే బిడ్డా," అంది. అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. మిగతా రెక్కల మీద పసిపిల్లల్ని వరసగా పడుకోబెట్టారు.

నీళ్లు తగ్గిన తర్వాత తలుపులతోనే తిరిగొచ్చాం. దారి పొడుగునా చెరకు నేలకు ఒరిగి ఉంది. మలుపు తిరిగితే మా ఇల్లు కనపడుతుంది. తల ఎత్తడానికి నాకే భయమేసింది.

దర్వాజ చట్రం నిలబడే ఉంది. అందులోంచి చూస్తే దొడ్డిలోని జామచెట్టు దాకా కనపడింది. గోడల మీద ఛాతీ ఎత్తున నీటి గీత. లోపల మోకాలి లోతు బురద. వంటింటి పక్క గోడ సగం జారిపోయింది.

"పడ్డది గద," అన్నాడు మా ఆయన.

"గోడ పడ్డది. ఇల్లు పడలే."

నేను బురద కూడా తీయకుండా రెక్కను దర్వాజ దగ్గరికి ఈడ్చాను.

"ఇటు పట్టు."

"పక్కకు గోడే లేదు, గిప్పుడు తలుపెందుకే?"

"మనం ఎల్లిపోలేదని తెల్వాలె."

"ఎవలకు?"

"ఏటికి."

ఆయన నన్ను చూశాడు, దర్వాజను చూశాడు. తర్వాత వంగి కింది అంచు పట్టుకున్నాడు. రెండు రెక్కలూ బిగించాక, జారిన గోడ దగ్గరికి పోయి మట్టిని కాలితో కదిపి చూశాడు. పిడికెడు తీసి పిసికాడు.

"దీంట్ల కలపనీకి ఎండుగడ్డి ఏడ దొరుకుతదో," అన్నాడు.

నిజామాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు. టీవీ కూడా పనిచేసింది, అది వేరే సంగతి.

ఇక పొద్దుపోయింది, లేవండి. మీ ఇంటి గోడలు గట్టిగా నిలబడాలి. మీ పొయ్యి మీద ఎసరు మరగాలి. మీ తలుపు మీ చేతులతోనే తెరుచుకోవాలి, మీ చేతులతోనే మూసుకోవాలి. మీ ఇంటిల్లిపాదీ చల్లగుండాలి.