కాపరి శాలువా రంగు తేల్చిన బర్నబాస్ సారు

బర్నబాస్ సారుకు ఉన్నది ఒకటే జబ్బు. ఒకే బొమ్మ అచ్చులు రెండు కంటపడితే, వాటిని పక్కపక్కన పెట్టి తేడా చెప్పేదాకా ఆయనకు అన్నం సయించేది కాదు.

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో మందుల గది ఆయనది. ఆ గదిలో నేను కాంపౌండర్‌ని. ఆదివారం వస్తే ఆయన సండే స్కూలు పెద్ద. అమెరికా నుంచి ఓడలో వచ్చే రంగుల బొమ్మల కార్డులు పిల్లలకు పంచేవాడు. వచ్చిన బిడ్డకు కార్డు, రాని బిడ్డకు లేదు. అయితే పంచేముందు ప్రతి కార్డూ ఆయన భూతద్దం కిందికి పోవాల్సిందే. ఈలోగా పిల్లలు వచ్చిన పాటలన్నీ పాడేసి మళ్లీ మొదటి పాటకు వచ్చేవాళ్లు.

"ఈ గాడిద సూడప్పా, బూడిద రంగు. అదే గాడిద ఈ కార్డులో నీలం."

"గాడిద గాడిదే కదా సారూ."

"ఎట్లవుతాది? ఒక్కో రంగుకు ఒక్కో రాయి పెట్టి అచ్చేస్తారు. నీలం రాయికి రంగు ఎక్కువ పూసినాడు. ఆ పొద్దు వాడు పరాకుగా ఉండాడు."

సముద్రాల అవతల ఎవడో అచ్చుపనివాడి పరాకు ఈయనకు మదనపల్లెలో నిద్ర పట్టనిచ్చేది కాదు.

జబ్బు కార్డులతో ఆగలేదు. బీడీ ముట్టని మనిషి అగ్గిపెట్టెలు జతలుగా కొనేవాడు. ఒకసారి దగ్గుమందు సీసాలు రెండు పట్టుకుని లేబుళ్లు పోల్చుతూ నిలబడిపోయాడు. ఎదురుగా దగ్గుతున్న పూలమ్మ కాసేపు దగ్గు ఆపి తనూ చూసింది.

"ఎడం సేతిలోది ఎరుపు జాస్తి సామీ," అంది.

ఆ రోజంతా ఆయన ఆనందాన్ని మేం భరించలేకపోయాం.

తేడా ఉన్నచోట లేదనడం మాత్రం ఆయనకు చేతకాదు. డాక్టరు దొరసాని కొత్త కర్టెన్లు రెండు చూపించి బాగున్నాయా అంటే, "ఒకటి బాగుండాది," అన్నాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఓడలు ఆగాయి, కార్డులూ ఆగాయి. ఇళ్లల్లో పాత కార్డులు పటాలు కట్టుకుని గోడలెక్కాయి. సరిగ్గా అప్పుడే నా పెళ్లి కుదిరింది.

మాది పుంగనూరు. పిల్ల దయామణిది కుప్పం. జనవరిలో ముహూర్తం. కాబోయే అల్లుడు ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం కట్టడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. నాకోసం మామ అబ్రహాము ఎర్ర శాలువా కుట్టించాడు. మా నాయన మునెయ్య చంకలో ఆకుపచ్చ శాలువాతో దిగాడు.

"కాపరికి ఎర్ర శాలువా యాడన్నా ఉంటాదా అప్పా?" అన్నాడు నాయన.

"మా గోడ మీద ఉండాది," అని మామ పటం దించాడు.

నాయన జేబులోంచి మా ఇంటి కార్డు తీశాడు. అదే కాపరి, అదే గొర్రెపిల్ల, అదే నవ్వు. శాలువా మాత్రం ఆకుపచ్చ. ఆ రెండు కార్డులూ చిన్నప్పుడు మదనపల్లె హాస్టల్లో నాకూ దయామణికీ బర్నబాస్ సారు పంచినవే.

"మీది నీళ్లలో పడి మారిపోయింటాది."

"మీది ఎండకు మాడిపోయింటాది."

మాటా మాటా పెరిగింది. ఎరుపు తెలియని ఇంటికి పిల్లనివ్వనన్నాడు మామ. ఆకుపచ్చ తెలియని ఇంటి పిల్ల మాకొద్దన్నాడు నాయన. శాలువాలు రెండూ మడిచేశారు. నా కళ్లముందే నా పెళ్లి కూడా మడిచేశారు.

వంటింటి గుమ్మం దగ్గర దయామణి నాకు మాత్రమే వినపడేట్టు అంది. "సారును పిల్సుకోని రండి. ఆయన మాట ఇద్దరూ ఇంటారు."

వింటారు, అదే నా భయం. ఏ రంగు నిజమన్నా రెండో ఆయనకు తలకొట్టేసినట్టవుతుంది. పెట్రోలు కరువై బొగ్గు మీద నడుస్తున్న బస్సులో దారిపొడుగునా సారును బతిమాలాను.

"ఎట్లన్నా సర్ది సెప్పండి సారూ."

"ఉండేది ఉండాదనే అంటానప్పా. నన్ను అబద్ధం ఆడమనొద్దు."

కుప్పంలో ఆయన రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి భూతద్దం తీశాడు. మామ ఒక పక్క, నాయన ఒక పక్క వంగారు. దయామణి గుమ్మం దాటి రాలేదు. సారు తలెత్తి ఆ పిల్ల ముఖం చూశాడు. తర్వాత తన సంచిలోంచి గుడ్డలో చుట్టిన కార్డు ఒకటి తీసి మధ్యలో పెట్టాడు. అందులో కాపరి శాలువా తెల్లగా ఉంది.

"ఇదీ అసలు. మీవి రెండూ అచ్చుతప్పులే," అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎదుటాయన ఓడిపోయాడని ఇద్దరికీ ఒకేసారి సంతోషం కలిగింది.

"మా ఇంట్లో తెల్ల దుప్పటి ఉండాది బావా," అన్నాడు మామ.

"తీసకరా బావా," అన్నాడు నాయన.

సారు ఆ తెల్ల కార్డును దయామణి చేతిలో పెట్టాడు. "పెండ్లి కానుకమ్మా. గోడకు తగిలించుకో."

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేకపోయాను.

"సారూ, తెల్లగా ఉందంటే రంగు రాయి అసలు పడనే లేదని కదా. మూడు కార్డుల్లో పెద్ద తప్పు అదే."

"అదే. అట్లాంటిది నాకు ఇంకోటి దొరకలేదు," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మనిషిని అక్కడే కావలించుకోవాలనిపించింది. బస్సు నిండా జనం ఉండబట్టి ఊరుకున్నాను.

"మరి అసలుది ఏది సారూ? ఎరుపా, ఆకుపచ్చా?"

ఆయన లేచి నిలబడి, బస్సులో కుప్పం వాళ్లెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసి కూర్చున్నాడు.

"బిడ్డ పుట్టినాక అడుగు."

మరుసటి ఏడే హన్నా పుట్టింది. పోయి అడిగాను.

"రెండోది పుట్టనీలేప్పా," అన్నాడు.

ఇప్పుడు మాకు నలుగురు.