కిటికీల్లేని బండి

ఎనభైల మొదట్లో మేము వరంగల్‌లో ఉండేవాళ్ళం. లోపలే వండుకుని, లోపలే పడుకునే బండిలో మేడారం జాతరకు పోవాలని మావారికి పిచ్చి పట్టింది. మెకానిక్ ఒక పాత మినీబస్సు చూపించి, "గిది తీస్కోండ్రి సార్, కిటికీలున్నయి, గాలాడుతది" అన్నాడు.

"కిటికీలుంటే దుమ్మొస్తది. నాకు చెప్తాన్నవా?" అని గద్దించి, ఈ మహామేధావి, ఒకప్పుడు దుకాణాలకు బిస్కెట్లు మోసిన, కిటికీల్లేని రేకు డబ్బా వ్యాన్ కొన్నారు.

తాడ్వాయి అడవిలో మధ్యాహ్నం బండి ఆపి, పిల్లలతో కలిపి ఐదుగురం వెనక కూర్చుని తింటుంటే గాలికి తలుపు ధడాలున పడింది. బయటున్న గడియ దానంతటదే పడిపోయింది! లోపల చీకటి, ఉక్క. మా చిన్నది ఊపిరాడక మెడ వేలాడేసింది. నేను ఏడుస్తూ గిన్నెతో రేకును బాదుతుంటే, ఆయన "బండి మంచిదేనే, గాబరాపడకు" అంటారు!

ఎడ్లబండిలో పోతున్న ఒక అవ్వ ఆ చప్పుడు విని తలుపు తీసింది. చిన్నదాని మొహాన నీళ్ళు చల్లింది. అది కళ్ళు తెరిచాక మావారి వైపు తిరిగి, "మేకలను గూడ గిట్ల తోలుకపోరు గదా బిడ్డా" అంది.

ప్రాణం మీదికొచ్చినా కొందరికి బుద్ధి రాదు. ఇల్లు చేరగానే ఆయన పక్కింటాయనతో గొప్పగా, "తలుపు ఎంత గట్టిదనుకున్నవ్! ఐదుగురం తోసినా కదలలే" అన్నారు. పిల్లలను మళ్ళీ ఆ బండి ఎక్కనివ్వలేదు నేను.