మూత ఉన్న కప్పు

కెనడాలోని ఓక్‌విల్‌లో నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఉండే అంకుల్ ఒకప్పుడు లాహోర్‌లో ఉర్దూ, పంజాబీ సినిమాలకు కథలూ మాటలూ రాసేవారు. రాసేవారు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. నిర్మాత ఎదురుగా కూర్చుని తల్లీ తానే, విలనూ తానే, గుర్రమూ తానే అయి కథంతా వినిపించేవారు. కాగితం ఆ తర్వాతి సంగతి. వినిపించేటప్పుడు నిర్మాత మొహం చూడకూడదట, మొహాలు అబద్ధం చెబుతాయట. ఆయన ముందున్న చాయ్ చూడాలి. తాగడం మర్చిపోయి చాయ్ చల్లారిందంటే కథ అమ్ముడుపోయినట్టే.

అలాంటి మనిషికి పోయిన చలికాలం గొంతు ఆపరేషన్ అయింది. మాట తిరిగి రాలేదు. నోరు తెరిస్తే గాలి మాత్రం వస్తుంది.

సరిగ్గా అప్పుడే దగ్గర్లోని బ్రాంప్టన్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. లారీల కంపెనీ ఉందట, పంజాబీ సినిమా తీస్తాడట, కథ వింటాడట. ఆపరేషన్‌కు ముందు అంకుల్ తన కొత్త కథ ఒకటి కింద నా వంటింట్లో కూర్చుని నాకు ఎన్నోసార్లు చెప్పారు. నేను పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో, ఉర్దూ నాకు వీధిలోనే అబ్బింది. అంకుల్ నావైపు వేలు చూపించారు. తన బదులు నేనే వినిపించాలట.

ఆ సంగతి చెబితే ఫోన్లో అమ్మ పడీ పడీ నవ్వింది. "నువ్వు కథ జెప్తవా? బడిల పద్యం అప్పజెప్పుమంటెనే కాళ్లు గజగజ వణుకుతుండె గద బిడ్డా!"

కూతురి మీద ఎంత నమ్మకమో!

నా పరువు పోతుందని కాదు నా భయం. నేను తడబడితే ఆ కుర్రాడు కథే బాలేదనుకుంటాడు. అంకుల్‌కు ఇదే ఆఖరి కథ. గొంతు ఎలాగూ పోయింది, కథ కూడా పోయిందని తేలితే ఆయనకింకేం మిగులుతుంది? వారమంతా ఆఫీసుకెళ్లే ట్రైన్‌లో కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చున్నాను. పక్కనున్నామె లేచి వేరే సీటుకు పోయింది.

ఆదివారం మధ్యాహ్నం కుర్రాడు వచ్చాడు. దారిలో కొన్న కాఫీ చేత్తో పట్టుకునే వచ్చాడు. కాగితం కప్పు, పైన ప్లాస్టిక్ మూత. ఆంటీ చాయ్ తెస్తే "వద్దు ఆంటీజీ, ఇది ఉంది కదా" అన్నాడు. అంకుల్, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూత కింద ఏమవుతోందో ఎలా తెలిసేది?

ఆంటీ ఆ చాయ్ తనే పట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయన కథ వినడం అదే మొదటిసారి. లాహోర్‌లో ఆయన స్టూడియోల్లో, హోటల్ గదుల్లో వినిపించేవారు. ఆవిడ అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసేవారు. "అన్నిట్లో తల్లి చచ్చిపోతుంది, ఇంక వినేదేముంది?" అనేవారు.

మొదలుపెట్టాను. రోడ్డు పక్క దాబా నడిపే ఒకావిడ. లారీ మీద పోయిన మొగుడు ఏళ్ల తరబడి రాడు. ఆమె రోజూ అతనికని రొట్టె ఎత్తిపెడుతుంది. కుర్రాడు కప్పు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. తాగుతున్నాడా, ఊరికే ఎత్తుతున్నాడా? ఆ కప్పు మీదే నా కళ్లు. చివరి సీనుకొచ్చాను. ముసలివాడైపోయిన మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. అంతే, తర్వాతి మాట రాలేదు. బుర్రలో ఏమీ లేదు. చచ్చిపోతే బాగుండుననిపించింది.

అంకుల్ లేచారు. భుజం మీది తువ్వాలు కొంగులా తలమీద కప్పుకున్నారు. గుమ్మంవైపు చాలాసేపు చూశారు. తర్వాత వంగి, అక్కడ లేని పీటను చేత్తో తుడిచి, లేని పొయ్యి దగ్గరకు కాస్త జరిపారు. కథ అక్కడితో అయిపోయింది.

కుర్రాడు ఆయన కాళ్లకు దండం పెట్టాడు. "చాలా బాగుంది అంకుల్‌జీ. కానీ ఇప్పుడు కామెడీ ఆడుతోంది. నేను ఫోన్ చేస్తా" అన్నాడు. అతను వెళ్లాక కప్పు మూత తీసి చూశాను. చుక్క మిగల్లేదు.

"నావల్లే అంకుల్" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన నావైపు చూడటం లేదు. ఆంటీ ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నారు. ఒళ్లో కప్పు పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది, చాయ్ మీద మీగడ కట్టింది. మేం చూస్తున్నామని తెలిసి గబుక్కున లేచారు.

"అయ్యో, చల్లారిపోయింది. వేడి చేసుకుంటా."

అంకుల్ ఆ కప్పును ఆవిడ చేతిలోంచి తీసుకుని టీవీ పక్కన పెట్టారు. పడుకునేదాకా దాన్ని ఎవరినీ తీయనివ్వలేదు.