కోస్గి పెళ్లిలో మా ప్రేమపాట

ఆ రోజుల్లో జుట్టు మెడ దాకా పెంచితే చాలు, పాట దానంతట అదే వస్తుందని నమ్మినవాళ్లం మేము. ఎనభైల చివర్లో మహబూబ్‌నగర్ కాలేజీ హాస్టల్లో ఎవరో తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లు అరిగేదాకా విని, సెలవులకు కోస్గి పక్కనున్న మా ఊరొచ్చి రాక్ బ్యాండు పెట్టాం. గిటారు, గొంతు నావి. (గొంతు గురించి ఇప్పుడు మాట్లాడుకోవడం అనవసరం.) రేడియోలు బాగుచేసే ఇంటి పిల్లవాడు, మేం రేడియో అనే పిలిచేవాళ్లం, వాళ్ల అబ్బాను బతిమాలి పాత కీబోర్డు ఒకటి తెచ్చాడు. మూడోవాడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేవాడు. ఆర్కెస్ట్రావాళ్లు డ్రమ్ములను జాజ్ సెట్టు అంటారు కాబట్టి వాడు మాకు జాజ్ అయ్యాడు.

జాజ్ సంగతి కొంచెం చెప్పాలి. ఊళ్లో చావు వస్తే పాడె ముందు డప్పు కొట్టాల్సిన ఇల్లు వాళ్లది. పిలిస్తే వెళ్లాలి, అంతే. వెళ్లకపోతే మర్నాటి నుంచి ఎవరి చేలోనూ కూలి ఉండదు. వాళ్ల నాయిన భుజం అప్పటికే పడిపోతోంది. "నాతోనే ఐపోవాలె బిడ్డా, నువ్వు పట్టొద్దు" అని ఆయన కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు. మాకు బ్యాండు సరదా, వాడికి మాత్రం అది పాడె ముందు నుంచి తప్పుకునే దారి. ఆ సంగతి తెలిసి కూడా నేనూ రేడియో బ్యాండుకు పేరేం పెట్టాలా అనే ఎక్కువ ఆలోచించాం.

మేం కట్టిన పాట ప్రేమపాట. మెల్లగా మొదలై, మధ్యలో గుండె పగిలి, చివర్న అరుపులతో ముగియాలని ముందే తీర్మానించుకున్నాం. (ప్రేమించిన అనుభవం ముగ్గురిలో ఒక్కరికీ లేదు.) మా గొడ్ల కొట్టంలో ప్రాక్టీసు. జర మెల్లగ కొట్టురా, పానం గుంజినట్టుండాలె అన్నాను. ఆర్కెస్ట్రాలో వాడు నేర్చినవన్నీ గంతులేయించే దెబ్బలే. కళ్లు మూసుకుని కాసేపు తడుముకున్నాక వాడి చేతులు ఒక నడక పట్టుకున్నాయి, బరువుగా, ఆగి ఆగి. ఇదేరా ఇదే అని నేనూ రేడియో ఎగిరాం. చిన్నప్పుడు నాయిన వెనకాల నడుస్తూ విన్న దెబ్బ అదని వాడికే తట్టలేదు. డప్పు మీదైతే ఊళ్లో పసిపిల్లవాడైనా పోల్చేవాడు. డ్రమ్ముల మీద, కీబోర్డు మోతలో, మాకది శుద్ధ ఇంగ్లీషుగా వినిపించింది. గడప మీద కూర్చున్న మా నాన్నమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఎందుకో ఏడుపొస్తాంది బిడ్డా అంది. మొదటి శ్రోతనే ఏడిపించామని మేం పొంగిపోయాం.

కోస్గిలో మా మేనమామ కూతురి పెళ్లి. బంతి భోజనాలు సాగుతుండగా మాకు ఒక పాటకు అవకాశమిచ్చారు. మొదటి చరణానికే పందిరంతా మాట మానేసింది. పేరు రావడమంటే ఇదే కదా అనుకుంటూ ఇంకా తన్మయంగా పాడాను. రెండో చరణానికి ముసలాళ్లు చెప్పులు విడిచి లేచి నిలబడ్డారు. (పాడె పోతుంటే మా వైపు అట్లా నిలబడతారు. నాకేమో అది గౌరవంలాగే కనబడింది.) అరుపుల దగ్గరికి వచ్చేసరికి పెళ్లికొడుకు నాయనమ్మ, కిందటేడు పోయిన మొగుణ్ని తలుచుకుని, నన్ను మించి శోకం అందుకుంది. మగపెళ్లివారు విస్తళ్ల ముందు నుంచి లేచారు. మేనమామ వచ్చి కరెంటు తీగ పీకేశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. పెళ్లింట చావు దెబ్బ కొట్టించారన్న మాట ఆ పిల్ల అత్తగారింట్లో చాలా ఏళ్లు పడింది.

అంతకన్నా ఘోరం, మా ఊరి పటేలు చేయి కడుక్కుంటూ అన్న మాట. "వీని నాయిన కంటె వీడే మంచిగ కొడ్తడు." మెచ్చుకోలుగానే అన్నాడు. మా పాటకు దక్కిన ఒకే ఒక మెప్పు అది. ఆ తర్వాత ఊళ్లో చావు వచ్చినప్పుడు కబురు నాయినకు కాదు, కొడుకుకే వెళ్లింది. జాజ్ డప్పు పట్టుకుని వెళ్లాడు. ఆ వానకాలమంతా వెళ్తూనే ఉన్నాడు. మాతో మాట మానేశాడు.

చలి మొదలవుతుండగా మా అవ్వ పోయింది. మా బాపు, అంటే నాన్న, జాజ్‌కు కబురు పంపాడు. వాడు ఇస్త్రీ అంగీ తొడుక్కుని, వట్టి చేతులతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. డప్పేదిరా అని పటేలు గద్దించాడు.

"కొట్టనీకి రాలె పటేలా. అవ్వను సూడనీకి వచ్చిన."

దూరంగా, గోడ పక్కన, వాళ్ల నాయిన పటేలు వైపే బెదురుగా చూస్తున్నాడు. నాకూ భయం వేసింది. పక్క ఊరి నుంచి పిలిపిద్దామా అని ఎవరో అడిగారు. బాపు జాజ్ వంక చూసి, "ఒద్దు. ఎత్తుండ్రి" అన్నాడు. అవ్వ చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. పటేలు ఊరుకోలేదు, ఆ ఏడంతా వాళ్లను ఎవరూ పనికి పిలవకుండా చూశాడు. బాపు పిలిచాడు గానీ మా చెలక ఎంత, అందులో పని ఎంత.

ఆ రోజు వాగు నుంచి తిరిగి వస్తూ వాడి పక్కన చేరాను. ఏం మాట్లాడాలో తెలియక, ఐతారం ప్రాక్టీసుకు వస్తవా అన్నాను. అవ్వకు నిప్పు పెట్టి వస్తూ అడిగే మాటేనా అది. వాడు ఆగి నా మొహంలోకి చూశాడు. నెలల తర్వాత నవ్వాడు.

"వస్త. గని గా పాట మాత్రం ఒద్దు."

నా పాట వద్దంటే నేను సంతోషపడింది జీవితంలో ఆ ఒక్కసారే. అప్పటి నాలోని ఆ వెర్రి కుర్రాణ్ని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, నవ్వు పూర్తయ్యేలోగా అవ్వ గుర్తొస్తుంది.