మల్లె ఆకు పొడి కోసం శాలిబండకు

మల్లె ఆకుల మీద లేచే నారింజ రంగు పొడిని మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసే మేం కుంకుమ తెగులు అంటాం. అది ఒకే శిలీంధ్రమా, లేక ఒకే పేరు కింద రెండున్నాయా అన్నది మూడేళ్ళుగా నా తలనొప్పి. అది తేలాలంటే, ఆ శిలీంధ్రానికి శాస్త్రీయ నామం మొదట ఏ ఆకును చూసి పెట్టారో దాని మీది పొడిలోనే డీఎన్ఏ వెతకాలి. ఆ ఆకును ఎండబెట్టి దాచింది పాతబస్తీ యునానీ వైద్యుడు, హకీమ్ ఒకాయన. ఆయన మనవరాలు ఖాలిదా గారు రమ్మన్నారు.

వరంగల్‌లో పొద్దున ఆరున్నరకు రైలెక్కి, తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాను. బస్సులో చార్మినార్ చేరేసరికి పదిన్నర దాటింది. నిలబడే ఒక చాయ్ తాగి శాలిబండకు షేర్ ఆటో ఎక్కాను.

"హకీమ్ సాబ్ ఇంటికా? ఎవరికి బీమార్?" అన్నాడు డ్రైవరు.

"మల్లెచెట్టుకు, భాయ్."

"చెట్టుకు గూడ హకీమా! మస్తుంది."

ఖాలిదా గారికి డెబ్బై దాటి ఉంటాయి. ట్రంకు పెట్టెలోంచి అట్టకు కుట్టిన మల్లెకొమ్మను ఎంతో జాగ్రత్తగా తీశారు. చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆకుల మీద మచ్చలే మిగిలాయి, పొడి లేదు.

"ఏటా రంజాన్ ముంగట కుంచెతోని దులుపుత బిడ్డా. దుమ్ము ఉండనిస్తనా?"

ఏడుపొక్కటే తక్కువ. ఆ దుమ్ము కోసమే వచ్చానమ్మా అన్నాను.

"గా దుమ్మేనా? గిట్ల మొగం ఏలాడేస్తవేంది! హకీమ్ ఇంట్ల మందాకు నుంచి రాలింది పారేస్తరా?"

అదే పెట్టెలోంచి ఒక రేకు డబ్బా తీసి తెరిచారు. తాతగారు దాచిన ఒక్కో కొమ్మకు ఒక్కో కాగితం పొట్లం, ప్రతిదాని మీదా ఉర్దూలో పేరు. మల్లె పొట్లం విప్పితే అడుగున చిటికెడు పొడి, రంగు వెలిసిపోయి ఉంది. ఇంత పద్ధతి మా ల్యాబులో లేదు. సంతోషం పట్టలేక ఆమె చేతులు పట్టుకున్నాను.

ఆమె మాత్రం చాకు మొనతో పొడిని రెండు భాగాలు చేసి, సగమే నాకిచ్చారు.

"మొత్తం ఇయ్యం బిడ్డా. మల్ల ఇంకొకరు అడిగితే?"

ఆమె పెట్టిన ఖిచిడీ, చింతపండు పులుసులాంటి ఖట్టా తిని, సాయంత్రం నాలుగింటి రైలు అందుకున్నాను. జేబులోని పొట్లాన్ని దారంతా తడిమి చూసుకుంటూనే ఉన్నాను. డీఎన్ఏ వస్తుందో రాదో తెలియదు. దొరికిన నమూనా అంతా ఒకేసారి వాడేయడం నా అలవాటు. కాజీపేట దాటుతుండగా, ఈ సగంలోనూ సగం దాచాలని నిశ్చయించుకున్నాను. నా లెక్క తప్పయితే, సరిచూడడానికి ఈ పొడి అడుగుతూ ఇంకొకరు వస్తారు.